సీసాలో బార్లీ, ధరలో ఎక్సైజ్: మన బీరు ఇలా ఎందుకు ఉంది?

2025 జనవరి 8న దేశంలోనే అతి పెద్ద బీరు కంపెనీ యునైటెడ్ బ్రూవరీస్ స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఒక లేఖ రాసింది. రాష్ట్రంలో మద్యాన్ని టోకుగా కొనే ప్రభుత్వ సంస్థ తెలంగాణ బెవరేజెస్ కార్పొరేషన్‌కు సరఫరా ఆపేస్తున్నామన్నది దాని సారాంశం. చూపిన కారణాలు రెండు. 2019-20 తర్వాత తమ సరుకుకు కార్పొరేషన్ చెల్లించే మూల ధరను సవరించలేదు. పాత బకాయిలు పేరుకుపోయాయి. ఆ కంపెనీ కింగ్‌ఫిషర్ బీరు లేని వేసవిని తలచుకుని కొందరు దిగులు పడ్డారు, మరికొందరు నవ్వుకున్నారు. ఆ సందడిలో అసలు ప్రశ్న పక్కకు పోయింది: సరుకు గిట్టుబాటు కాకపోతే ధర పెంచుకోవచ్చు కదా, అమ్మడమే మానుకోవడం ఎందుకు?

సబ్బుల కంపెనీ అలా చేయదు. ఖర్చు పెరిగితే ధర పెంచుతుంది, లేదా సబ్బును కాస్త అరగదీస్తుంది. బీరు కంపెనీకి ఆ రెండు దారులూ మూసే ఉంటాయి. ఎందుకు మూసుకున్నాయో తెలియాలంటే ఈ పానీయం మన దేశంలోకి ఎలా వచ్చింది, ఎవరి చేతుల మీదుగా పెరిగింది అన్నది చూడాలి. అలా చూస్తే ఇంకో విషయం కూడా తేలుతుంది. మన బీరు రుచిని తేల్చింది బార్లీ, నీళ్లు ఎంతో, ఎక్సైజ్ చట్టం కూడా అంతే. నా లెక్కలో రెండోదే కాస్త ఎక్కువ.

సారా కాస్తారు, బీరు పులియబెడతారు

తెలుగులోనే తేడా ఉంది. సారా ‘కాస్తారు’. అంటే పులిసిన ద్రవాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి, ఘాటైన మద్యాన్ని పడతారు. విస్కీ, రమ్ము, బ్రాందీ ఈ జాతివే. కల్లు ‘గీస్తారు’. చెట్టు ఇచ్చిన తీపి నీరా దానంతట అదే పులుస్తుంది. బీరు ఈ రెండూ కాదు. అది ధాన్యాన్ని పులియబెట్టి చేసేది.

ధాన్యంలో ఉన్నది పిండి పదార్థం. ఈస్ట్ దాన్ని నేరుగా తినలేదు, దానికి చక్కెర కావాలి. అందుకని బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడితో ఆరబెడతారు. పిల్లలకు రాగి మాల్టు చేయడానికి ఇంట్లో చేసేదీ ఇదే పని. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మార్చగలవు. ఆ మాల్టును పిండిచేసి వేడినీటిలో ఉంచితే తియ్యటి ద్రవం వస్తుంది. దానిలో హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌ను, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది.

కాస్త వెచ్చగా, త్వరగా పులిస్తే ‘ఏల్’. చల్లగా, నెమ్మదిగా పులిసి, మరికొన్ని వారాలు చల్లని తొట్లలో నిద్రపోతే ‘లాగర్’. మన దుకాణాల్లో సీసాలో దొరికేది దాదాపు అంతా లాగరే.

ధాన్యపు మద్యం మనకు కొత్తదేమీ కాదు. వైదిక సాహిత్యంలో ‘సుర’ ప్రస్తావనలున్నాయి. జార్ఖండ్, ఒడిశా ఆదివాసుల హండియా, నాగాలాండ్ జుథో, అస్సాం, అరుణాచల్‌ల అపాంగ్, హిమాలయ సానువుల ఛాంగ్, బస్తర్, కోరాపుట్ ప్రాంతాల లంద: అన్నీ బియ్యంతోనో చిరుధాన్యాలతోనో పులియబెట్టినవే. శాస్త్రీయంగా చూస్తే ఇవన్నీ బీర్లే. చట్టం దృష్టిలో, మార్కెట్ దృష్టిలో మాత్రం బీరు అంటే హాప్స్ వేసిన బార్లీ పానీయం. అది ఓడెక్కి వచ్చింది.

ఓడల్లో వచ్చింది, తర్వాత కొండెక్కింది

18వ శతాబ్దం చివరికి లండన్ తూర్పున బో అనే చోట జార్జ్ హాడ్జ్‌సన్ కుటుంబపు బ్రూవరీ ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవు దానికి దగ్గర. ఓడ కెప్టెన్లకు హాడ్జ్‌సన్లు ఉదారంగా అరువు ఇచ్చేవారు. కలకత్తా, మద్రాసుల్లో అమ్మి, తిరిగి వచ్చాక డబ్బు కట్టే ఏర్పాటు. అలా వారి లేత రంగు బీరు మన రేవులకు చేరింది. నెలల తరబడి సముద్ర ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటడం, పీపాల్లో కుదుపులు. హాప్స్ దండిగా వేసిన బీరు ఇవన్నీ తట్టుకుంది. హాప్స్‌కు చేదుతో పాటు సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం కూడా ఉంది.

ఇండియా కోసమే ఒక మేధావి కూర్చుని ‘ఇండియా పేల్ ఏల్’ను కనిపెట్టాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. హాప్స్ ఎక్కువ వేసి నిల్వ ఉంచే పేల్ ఏల్ ఇంగ్లండ్‌లో అప్పటికే ఉంది. ఇండియా దానికి మంచి మార్కెట్ అయింది, తర్వాత పేరూ ఇచ్చింది. మరో విషయం: ఈ లేత బీరు అధికారులది, వర్తకులది. మామూలు సిపాయి తాగింది ఎక్కువగా పోర్టర్ అనే నల్లటి బీరు. 1820ల్లో బర్టన్ పట్టణపు బ్రూవరీలు, ముఖ్యంగా ఆల్సప్, ఆ వెంట బాస్, హాడ్జ్‌సన్ల వ్యాపారాన్ని లాగేసుకున్నాయి. బర్టన్ నీటిలో జిప్సం ఎక్కువ. దానివల్ల హాప్స్ చేదు శుభ్రంగా పలుకుతుంది.

ఓడలో తెచ్చే బదులు ఇక్కడే చేయలేమా? చేయాలంటే చల్లదనం కావాలి. యంత్రాలతో చల్లబరిచే పద్ధతి ఇంకా రాని రోజులవి. అందుకే మన తొలి బ్రూవరీలు పట్టణాల్లో కాక కొండల మీద పుట్టాయి. హిమాచల్‌లోని కసౌలీలో ఎడ్వర్డ్ డయ్యర్ మొదలుపెట్టిన బ్రూవరీ ఆసియాలో ఆధునిక బీరు తయారీకి నాంది అంటారు. కంపెనీ తన పుట్టుకను 1855గా లెక్కిస్తుంది. చల్లటి గాలి, ఊట నీరు, దగ్గర్లోనే దాహంగా ఉన్న సైనిక స్థావరాలు. ఇంతకంటే ఏం కావాలి? 1860లో ముర్రీలో మరో బ్రూవరీ వచ్చింది. దాని వారసురాలు నేటికీ పాకిస్తాన్‌లోని రావల్పిండిలో బీరు చేస్తూనే ఉంది. చరిత్రలో డయ్యర్ కుటుంబం పేరు వేరే కారణంగా చెరగకుండా మిగిలింది. 1919లో జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన రెజినాల్డ్ డయ్యర్ ఈ ఎడ్వర్డ్ డయ్యర్ కొడుకే.

దక్షిణాదిలో ఆ పాత్ర నీలగిరులది, బెంగళూరుది. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ వ్యక్తి ఐదు చిన్న బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ ఏర్పాటు చేశాడు. వాటిలో నీలగిరుల కాజిల్ బ్రూవరీ 1857 నాటిది. పీపాలు ఎద్దుల బండ్లమీద సైనిక శిబిరాలకు వెళ్లేవి.

దొరలు వెళ్లాక

యజమానులు మారారు. యునైటెడ్ బ్రూవరీస్‌లో 1947లో విఠల్ మాల్యా తొలి భారతీయ డైరెక్టర్ అయ్యాడు, మరుసటి ఏడాది చైర్మన్. కసౌలీ బ్రూవరీ నడిపిన డయ్యర్ మీకిన్ సంస్థ 1949లో నరేంద్రనాథ్ మోహన్ చేతికి వచ్చి, 1960ల్లో మోహన్ మీకిన్ అయింది. బీరు కంటే దాని ఓల్డ్ మంక్ రమ్ము పేరే ఎక్కువమందికి తెలుసు.

అయితే కొత్త దేశపు రాజ్యాంగం మద్యాన్ని అనుమానంగానే చూసింది. ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని 47వ అధికరణం చెబుతుంది. ఇది ఆదేశిక సూత్రం, కోర్టుకు వెళ్లి అమలు చేయించుకునే హక్కు కాదు. కానీ దాని నీడ ప్రతి విధానం మీదా పడింది. 1991లో చాలా పరిశ్రమలకు లైసెన్సుల బెడద తీరినా, మద్యం తయారీ మాత్రం లైసెన్సు తప్పనిసరి జాబితాలోనే ఉండిపోయింది.

ప్రకటనలు వద్దన్నప్పుడు కంపెనీలు చుట్టుదారి వెతికాయి. బీరు పేరుతో మంచినీళ్ల సీసా, సోడా, క్యాలెండరు, చివరికి ఒక విమానయాన సంస్థ. 1978లో కింగ్‌ఫిషర్‌ను మళ్లీ మార్కెట్‌లోకి తెచ్చిన విజయ్ మాల్యా 2005లో విమానాలు ఎగరేశాడు, 2012లో అవి ఆగిపోయాయి, 2016లో ఆయన దేశం విడిచాడు. బీరు కంపెనీ మాత్రం నిక్షేపంగా ఉంది. 2021లో దాని పెత్తనం నెదర్లాండ్స్‌కు చెందిన హైనెకెన్‌కు దక్కింది. మిగతా ఇద్దరు పెద్ద ఆటగాళ్లలో ఏబీ ఇన్‌బెవ్ బెల్జియం కేంద్రంగా నడిచేది, కార్ల్స్‌బర్గ్ డెన్మార్క్‌ది. ఇండియా తాగే సీసా బీరులో అధిక భాగం ఇప్పుడు ఈ మూడు యూరప్ సంస్థల చేతిలో ఉంది. ఓడలు మానేసినా లాభం దారి పెద్దగా మారలేదు.

ఒక దేశం కాదు, ఇరవై ఎనిమిది దేశాలు

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా ఉంది. అందులో 8వ అంశం ప్రకారం మద్యం తయారీ, రవాణా, కొనుగోలు, అమ్మకం రాష్ట్రాల అధికారం. 51వ అంశం ప్రకారం దానిపై ఎక్సైజ్ సుంకం కూడా వారిదే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తాగే మద్యాన్ని బయటే ఉంచారు. రాష్ట్రాలు తమ చేతిలో మిగుల్చుకున్న కొన్ని పెద్ద పన్నుల్లో ఇదొకటి.

ఫలితం ఏమిటంటే, సబ్బుకు ఇండియా ఒకే మార్కెట్. బీరుకు ప్రతి రాష్ట్రం ఒక పరాయి దేశం. లేబుల్‌ను ప్రతి రాష్ట్రంలో విడిగా నమోదు చేయించాలి. ఒక రాష్ట్రంలో తయారైన సీసా ఇంకో రాష్ట్రానికి వెళ్తే ఇక్కడ ఎగుమతి రుసుము, అక్కడ దిగుమతి రుసుము. అందుకే పెద్ద కంపెనీలు రాష్ట్రానికొక కర్మాగారం పెట్టుకుంటాయి, లేదా స్థానిక బ్రూవరీతో చేయించుకుంటాయి. సంగారెడ్డి జిల్లాలోనూ, శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గరా బ్రూవరీలు ఉన్నది ఇందుకే. ఒకే పెద్ద కర్మాగారంలో చేసి దేశమంతా పంపే వెసులుబాటు ఈ పరిశ్రమకు లేదు.

పైగా ఆ దేశాల్లో చట్టం రాత్రికి రాత్రే మారవచ్చు. 2016 ఏప్రిల్‌లో బిహార్ సంపూర్ణ నిషేధం పెట్టేసరికి అక్కడ పెట్టుబడి పెట్టిన బీరు కంపెనీలు ఇరుక్కుపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 1995 నుంచి 1997 వరకు నిషేధం నడిచింది. ఉద్యమం సారా మీద. తలుపులు మూతపడింది బీరుకు కూడా. 2019 నుంచి 2024 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దుకాణాలు నడిపినప్పుడు ప్రముఖ బ్రాండ్లు అరుదై, ఎవరూ వినని పేర్లు అరల్లోకి వచ్చిన సంగతి పాఠకులకు గుర్తే. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్లీ ప్రైవేటు వారికి వెళ్లాయి.

ఈ గోడల ఎత్తు తెలియాలంటే బీరా 91 కథ వినాలి. 2015లో మొదలై, నగర యువత నోట బాగా నానిన బ్రాండ్ ఇది. షేర్లను జనానికి అమ్మే పబ్లిక్ ఇష్యూకు సన్నాహంగా దీని మాతృసంస్థ తన పేరులోంచి ‘ప్రైవేట్’ అన్న ఒక్క మాట తీసేసింది. బీరు మారలేదు, సీసా మారలేదు, కర్మాగారం మారలేదు. కానీ లేబుల్ మీద కంపెనీ పేరు మారింది కనుక ప్రతి రాష్ట్రంలో మళ్లీ నమోదు, మళ్లీ అనుమతి. నెలల తరబడి అమ్మకాలు నిలిచిపోయాయి. పాత పేరున్న దాదాపు రూ.80 కోట్ల సరుకు లెక్కల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. 2023-24లో ఆ సంస్థ నష్టం అమ్మకాలను మించిపోయింది. నష్టానికి ఇదొక్కటే కారణం అనలేం, ఆ కంపెనీ అంతకుముందూ నష్టాల్లోనే ఉంది. అయినా ఒక మాటకు అంత ఖరీదు ఇంకే సరుకులో ఉంటుంది?

సీసా ధరలో ఎవరి వాటా ఎంత

ఇక మొదటి ప్రశ్నకు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళ లాంటి రాష్ట్రాల్లో టోకు వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్ చేతిలో ఉంటుంది. కంపెనీ దానికి తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు. కొనేవాడు ఒక్కడే. ఆ కొనేవాడే ధర కూడా నిర్ణయిస్తాడు. కంపెనీకి ఇచ్చే ఆ ధరే ‘మూల ధర’. దాని మీద ఎక్సైజ్, వ్యాట్, రకరకాల సెస్సులు, దుకాణదారు లాభం చేరితే సీసా మీద ముద్రించే గరిష్ఠ ధర అవుతుంది.

ఊహించిన అంకెలతో చూద్దాం. సీసా ధర రూ.150. అందులో కంపెనీకి మూల ధర రూ.30, దుకాణదారుకు రూ.20, ప్రభుత్వానికి రూ.100 అనుకోండి. గాజు, బార్లీ, డీజిల్ ధరలు పెరిగి కంపెనీ 10 శాతం పెంపు అడిగింది. అంటే సీసాకు మూడు రూపాయలు. పన్ను సీసాకు ఇంత అని స్థిరంగా ఉంటే తాగేవాడికి రూ.153 అవుతుంది. పన్నులు మూల ధర మీద శాతంగా ఉంటే మిగతావన్నీ కూడా 10 శాతం పెరిగి రూ.165కు చేరుతుంది. కంపెనీ అడిగింది మూడు రూపాయలు, జనం చెల్లించేది పదిహేను. తిట్లు మాత్రం కంపెనీకి సగం, మంత్రికి సగం. ధర సవరణను ఏళ్ల తరబడి నానబెట్టడానికి ఈ లెక్కే ప్రధాన కారణం.

బకాయిల సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. దుకాణదారు డబ్బు ముందే కట్టి డిపో నుంచి సరుకు ఎత్తుకుంటాడు. కంపెనీకి మాత్రం కార్పొరేషన్ తర్వాత చెల్లిస్తుంది. ఆ ‘తర్వాత’ ఎంతకాలమన్నది ఖజానా పరిస్థితిని బట్టి ఉంటుంది.

ప్రభుత్వం వైపు వాదన తీసిపారేయదగ్గది కాదు. 33.1 శాతం పెంచమంటున్నారని, మార్కెట్‌లో సింహభాగం చేతిలో ఉంది కదా అని ఒత్తిడి తెస్తే లొంగేది లేదని ఎక్సైజ్ మంత్రి జూపల్లి కృష్ణారావు అప్పట్లో అన్నారు. జనవరి 20న కంపెనీ సరఫరా పునరుద్ధరించింది. ఫిబ్రవరిలో, విశ్రాంత న్యాయమూర్తి నేతృత్వంలోని కమిటీ సిఫారసు మేరకు ప్రభుత్వం 15 శాతం పెంచింది. ఇద్దరూ గెలిచామనుకున్నారు, బిల్లు వేరేవారు కట్టారు.

కంపెనీలు అమాయకులు అనుకోవడానికీ లేదు. 2021 సెప్టెంబరులో, కంపెనీల కుమ్మక్కును అడ్డుకునే కాంపిటీషన్ కమిషన్ యునైటెడ్ బ్రూవరీస్‌కు సుమారు రూ.752 కోట్లు, కార్ల్స్‌బర్గ్‌కు సుమారు రూ.121 కోట్ల జరిమానా వేసింది. 2009 నుంచి 2018 వరకు పోటీదారులు కూడబలుక్కుని, పలు రాష్ట్రాల్లో ఏ ధర అడగాలో ముందే అనుకున్నారన్నది అభియోగం. గుట్టు విప్పిన ఏబీ ఇన్‌బెవ్‌కు జరిమానా మినహాయించారు. ఇక్కడొక చిక్కుముడి ఉంది. ధర నిర్ణయించేదే ప్రభుత్వమైనప్పుడు మేం కుమ్మక్కై ఏం చేయగలమని కంపెనీల వాదన. అడిగే ధరను అందరూ ఒకేలా అడిగితే నిర్ణయించేవాడి చేతులు కట్టేసినట్టేనని కమిషన్ తీర్పు. ఒకే కొనుగోలుదారు ఉన్న బజారులో ముగ్గురు అమ్మకందారులు ఏకమవడం సహజమే. సహజమైనది చట్టబద్ధం కానక్కర లేదు.

స్ట్రాంగ్ బీరు ఎలా గెలిచింది

ఆహార భద్రతా సంస్థ ప్రమాణాల ప్రకారం 5 శాతం వరకు ఆల్కహాల్ ఉంటే మామూలు బీరు (వాడుకలో లైట్), ఆపైన 8 శాతం వరకు స్ట్రాంగ్. లోకంలో చాలాచోట్ల బీరు అంటే నాలుగైదు శాతమే. మన దేశంలో అమ్ముడయ్యేదానిలో ఐదింట నాలుగు వంతులకు పైగా స్ట్రాంగే. మనవాళ్ల నాలుకే అంత అని సరిపెట్టుకోవడం తేలిక. మళ్లీ లెక్క చూద్దాం, ఈ ధరలూ ఊహే.

650 మిల్లీలీటర్ల లైట్ సీసా, 5 శాతం, రూ.160. అందులో ఆల్కహాల్ 32.5 మిల్లీలీటర్లు. మిల్లీలీటరు ఆల్కహాల్‌కు పడేది రూ.4.92. అదే సీసా స్ట్రాంగ్, 8 శాతం, రూ.170. ఆల్కహాల్ 52 మిల్లీలీటర్లు, ఒక్కోదానికి రూ.3.27. చవక విస్కీ క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం, రూ.180. ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు, ఒక్కోదానికి రూ.2.34.

రోజు కూలీ జేబుతో దుకాణం ముందు నిలబడ్డవాడు ఈ భాగహారం కాగితం లేకుండానే చేస్తాడు. ద్రవం ఎంత అన్నదాని మీద పన్ను వేసి, మత్తు ఎంత అన్నదాన్ని పట్టించుకోకపోతే, మత్తు ఎక్కువున్న సీసాయే గెలుస్తుంది. కొన్ని రాష్ట్రాలు స్ట్రాంగ్‌కు పన్ను కాస్త ఎక్కువ వేస్తాయి, కానీ ఆ తేడా ఆల్కహాల్ తేడాకు సరితూగదు. కంపెనీలూ దానికి తగ్గట్టే తయారీని మలచుకున్నాయి. మాల్టుకు తోడు బియ్యం, చక్కెర కలిపితే ఆల్కహాల్ తక్కువ ఖర్చుతో పెరుగుతుంది. మాల్టు రుచి పలచబడుతుంది, తీపి, ఘాటు మిగులుతాయి.

మన బీరులో గ్లిసరిన్ కలుపుతారన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. రుజువుగా సీసాను నీళ్ల గ్లాసులో బోర్లించి చూపిస్తారు. బరువైన ద్రవమేదో కిందికి దిగుతుంది, చూశారా అంటారు. దిగేది బీరే. పులియకుండా మిగిలిన చక్కెరలు, పిండి శేషాల వల్ల మామూలుగా బీరు నీటికంటే కొంచెం బరువు. జర్మనీ సీసాను బోర్లించినా అదే జరుగుతుంది. పులిసేటప్పుడు కొద్దిగా గ్లిసరాల్ సహజంగా పుట్టే మాట నిజమే, కానీ ఈ గ్లాసు పరీక్ష దేన్నీ నిరూపించదు.

చిన్న తొట్ల ప్రయోగం

ఈ పన్నుల పట్టు కాస్త సడలినచోట రుచి మారింది. 2008లో గురుగ్రామ్‌లో, 2009లో పుణెలో, తర్వాత బెంగళూరులో అక్కడికక్కడే తయారుచేసి గ్లాసులో పోసే మైక్రోబ్రూవరీలు వచ్చాయి. తెలంగాణ 2015లో నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లోనూ పెరిగాయి. గోధుమ బీరు, నల్లటి స్టౌట్, మామిడి కాలంలో మామిడి బీరు. ఓడలెక్కి వచ్చి మనం మరచిపోయిన ఇండియా పేల్ ఏల్ కూడా ఇన్నాళ్లకు, అమెరికా చుట్టి, తన పేరున్న దేశానికి తిరిగొచ్చింది. కానీ గ్లాసు ఖరీదు చూస్తే ఇది స్ట్రాంగ్ సీసాకు పోటీ కాదని తెలిసిపోతుంది. వీటి హాప్స్ ఎక్కువగా దిగుమతివే. హిమాచల్‌లోని లాహౌల్‌లో ఒకప్పుడు రైతులు హాప్స్ బాగా పండించారు, ఆ సాగు నిలదొక్కుకోలేదు.

మిల్లీలీటరు లెక్కన పన్ను వేస్తే?

పన్నును ఆల్కహాల్ పరిమాణానికి ముడిపెట్టమని బీరు కంపెనీలు చాలాకాలంగా అడుగుతున్నాయి. జనం ఘాటు మద్యం నుంచి తేలిక పానీయానికి మారతారని వారి మాట. ప్రజారోగ్య నిపుణుల్లో చాలామందికి లెక్క నచ్చుతుంది, మాట నచ్చదు. హానిలేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చవక బీరు విస్కీ స్థానంలోకి కాక, దానికి అదనంగా వస్తే? ఇంతవరకు తాగనివారికి తొలిమెట్టు అయితే? సగటున మనిషికి ఏడాదికి రెండు లీటర్ల బీరు తాగే దేశం మనది, చెక్ రిపబ్లిక్‌లో అది వంద లీటర్లకు పైనే. ఈ తేడాను కంపెనీ అవకాశం అంటుంది, వైద్యుడు అదృష్టం అంటాడు.

ప్రభుత్వాలు ఎందుకు కదలవో చివరి లెక్కలో కనబడుతుంది. మిల్లీలీటరు ఆల్కహాల్‌కు మూడు రూపాయల పన్ను వేశామనుకుందాం. బీరు సీసాకు తయారీ, లాభాలు కలిపి రూ.60, క్వార్టర్‌కు రూ.50. లైట్ బీరు రూ.157.50 అవుతుంది, దాదాపు ఎక్కడున్నది అక్కడే. స్ట్రాంగ్ రూ.216కు ఎగబాకుతుంది. చవక క్వార్టర్ రూ.180 నుంచి రూ.281కి వెళ్తుంది. ఖజానాకు ఎక్కువ తెచ్చేది ఆ క్వార్టరే, ఓటర్లలో ఎక్కువమంది కొనేదీ అదే, ధర పెరిగితే నాటుసారా బట్టీ మళ్లీ అంటుకునేదీ దానివల్లే. మధ్యేమార్గంగా మిల్లీలీటరుకు రెండు రూపాయలే వేస్తే క్వార్టర్ రూ.204 దగ్గర ఆగుతుంది. కానీ అప్పుడు లైట్ సీసా మీద ప్రభుత్వానికి వచ్చేది రూ.97.50 నుంచి రూ.65కు పడిపోతుంది.